హృదయసాక్షి గారి అభిప్రాయం

సన్నాయి గవర్రాజు అడగదలుచుకున్నది ఒకే ఒక్క ప్రశ్న. సన్నాయి ఊదొచ్చా, ఊదకూడదా? ఆ ఒక్కటి తప్ప లోకంలో ఉన్న తక్కిన సంగతులన్నీ పెద్దాసుపత్రి వాళ్ళు ఆయనకి చెప్పారు. చాలామటుకు ఆయన్నే అడిగారు.

కథ మొదలైంది ఓ పెళ్ళిపందిట్లో. పంతులుగారు చెయ్యి పైకెత్తి, వేలు ఆడించి, "గట్టిమేళం, గట్టిమేళం" అన్నారు. పెళ్ళికొడుకు తాళి అందుకున్నాడు. డోలు మోగింది. సన్నాయి మాత్రం కుయ్యిమని ఆగిపోయింది. గవర్రాజుకి ఊపిరి అందలేదు. గుండె దడదడలాడింది, కళ్ళు బైర్లు కమ్మాయి. బావమరిది సింహాద్రి డోలు పగిలిపోయేలా వాయించి పరువు కాపాడబోయాడు గానీ, సన్నాయి లేని గట్టిమేళం ఎక్కడైనా ఉందా? పెళ్ళికూతురి మేనత్త "అపశకునం" అని పందిరంతటికీ వినపడేటంత రహస్యంగా చెప్పింది.

గవర్రాజు ఆ రోజు అన్నం ముట్టలేదు. ఊపిరి పోతుందన్న భయం కాదు, సన్నాయి పోతుందన్న దిగులు. తాతనాటి నుంచి వస్తున్న విద్య అది. ఎవరైనా చెయ్యెత్తి వేలు ఆడిస్తే చాలు, ఆయన ప్రమేయం లేకుండా సన్నాయి నోటి దగ్గరికి వచ్చేస్తుంది. ఓసారి బస్టాండులో ఎవరో బస్సు ఆపడానికి చెయ్యెత్తితే అక్కడే గట్టిమేళం వాయించేశాడు. బస్సు ఆగింది కూడా.

అదృష్టం కొద్దీ మర్నాటినుంచి మూఢం. పెళ్ళిళ్ళు లేవు. మూఢం వెళ్ళేలోగా సంగతి తేల్చుకోవాలని భార్య నూకరత్నం ఆయన్ని ఆటో ఎక్కించి గోదావరి గట్టునున్న పెద్దాసుపత్రికి తీసుకొచ్చింది.

అక్కడ గుండె విభాగంలో అప్పటికే ఓ యంత్రం దిగి ఉంది. దాని పేరు హృదయసాక్షి. ఛాతీకి తీగలు అంటిస్తే కృత్రిమ మేధతో ఆలోచించి, గుండె సంగతి చక్కని తెలుగులో నోటితో చెబుతుందట. యంత్రం ఆలోచిస్తోందంటే దానికి నీతి కూడా ఉండాలి కదా అని పైవారికి తోచింది. ఆ విషయంలో రోగులు ఏమనుకుంటున్నారో తెలుసుకోవడం నాగరికత అని కూడా తోచింది. ఇంతవరకూ మంచిదే. ఆ తరవాత ఉత్తర్వు వచ్చింది. "కృత్రిమ మేధ నైతికతపై స్వేచ్ఛాయుత, అవగాహనాపూర్వక, ప్రభావరహిత అభిప్రాయము వెలిబుచ్చని రోగి గుండెను యంత్రము గాని, వైద్యులు గాని పరీక్షింపరాదు. అభిప్రాయము నమోదగు వరకు వైద్యులు రోగితో సంభాషింపరాదు. ఏలయన, వైద్యుల మాట రోగిపై ప్రభావము చూపును."

గుండె డాక్టరు హైమవతి గారు అద్దాల గదిలో మెడలో స్టెతస్కోపు వేసుకుని, నోరు మూసుకుని కూర్చునేవారు. మొదట్లో తలైనా ఊపేవారు. తల ఊపడం కూడా ప్రభావమేనని సవరణ వచ్చాక అదీ మానేశారు.

గవర్రాజు ఆవిడ గది గుమ్మంలో నిలబడి చేతులు జోడించాడు. "అమ్మా, నాను సన్నాయి ఊదొచ్చాండి?"

హైమవతి గారు నోరు తెరిచారు. పక్కనున్న గుమాస్తా దగ్గాడు. ఆవిడ నోరు మూసేసి, బల్లమీదున్న పేపరువెయిటుని కిటికీలోంచి విసిరెయ్యాలన్నంత కోపంగా చూసి, అభిప్రాయ విభాగం వైపు వేలు చూపించారు. ఆ వేలు పైకెత్తలేదు కాబట్టి గట్టిమేళం తప్పింది.

అభిప్రాయ విభాగంలో అధ్యక్షులు పరాంకుశం గారు. ఏదో శాఖలో సంయుక్త సంచాలకులుగా పనిచేసి రిటైరయ్యారు. ఏ శాఖో ఆయనకే సరిగ్గా గుర్తులేదు గానీ సంచాలనం మాత్రం మరిచిపోలేదు.

"రండి, ఆసీనులు కండి," అన్నారాయన. "తమరు భారతదేశపు స్వతంత్ర రోగి. నిర్భయంగా చెప్పండి. హృద్రోగ నిర్ధారణలో కృత్రిమ మేధ పాత్రపై తమ నైతిక దృక్పథమేమిటి?"

గవర్రాజు భార్య వైపు చూశాడు. తరవాత వినయంగా వంగి, గోదావరి జిల్లాలో పుట్టిన ఏ మర్యాదస్తుడైనా పెద్దవాళ్ళతో అనే మాటే అన్నాడు.

"తవరెలా అంటే అలాగేనండి."

పరాంకుశం గారు కళ్ళజోడు తీసి నుదురు రుద్దుకున్నారు. "అయ్యా, ఈ జిల్లాలో ఇంకో మాట లేదా? పొద్దున్నించి వచ్చినవాళ్ళందరూ ఇదే. నిన్నా ఇదే. ఇది అభిప్రాయం కాదు. అభిప్రాయ రాహిత్యం."

"ఆయ్, మరేనండి."

"ఇది కూడా!"

నిజానికి ఆయన బాధలో న్యాయం ఉంది. ఉత్తర్వు వచ్చినప్పటినుంచి ఒక్క గుండె కూడా పరీక్షకి నోచుకోలేదు. వరండా నిండా జనం. అందరూ నెమ్మదస్తులే, అందరూ అలాగేనండి అన్నవాళ్ళే. యంత్రం తెచ్చిన ఇంజనీరు మాత్రం బహు బుద్ధిమంతుడు. అది వింటూ వింటూ నేర్చుకునే యంత్రం, దాన్ని ఖాళీగా కూర్చోబెడితే మొద్దుబారుతుందని బెంగపెట్టుకుని, గుండెలు ఎలాగూ లేవు గదా అని, రోగులు చెప్పిన అభిప్రాయాలన్నీ రోజూ దానికే వినిపిస్తున్నాడు. ఈ సంగతి అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు. మీరు మాత్రం కాస్త గుర్తుంచుకోండి.

"ఇదిగో బాబూ," అంది నూకరత్నం, అంతసేపు ఓర్చుకున్నందుకే చాలా ఆయాసపడుతూ. "నన్నడగండి నాను సెప్తాను. మిషను గొప్పదే అవ్వచ్చు. తప్పు సెప్పిందనుకోండి, ఎవర్ని నిలదీయాలి? డాక్టరమ్మనా, దీన్ని తెచ్చినోణ్ణా, తవర్నా? మా ఆయన గుండె గొడవ ఇది ఊరందరికీ సెప్పేత్తే? ఉన్నోడికో మాట, లేనోడికో మాట సెప్పదని పూచీ ఏంటి? అసలు డాక్టరమ్మ నోరెందుకు కట్టేశారు?"

పరాంకుశం గారి కళ్ళు చెమర్చాయి. కుర్చీలోంచి లేచారు. "అద్భుతం! బాధ్యత, గోప్యత, నిష్పాక్షికత, మానవ పర్యవేక్షణ! నాలుగు స్తంభాలూ ఒక్క ఊపిరిలో! అమ్మా, తమరు హృద్రోగులేనా?"

"నాకేం రోగం? దుక్కలా ఉన్నాను."

"కనీసం కాస్త దడ? మెట్లెక్కితే ఆయాసం?"

"గౌతమీ వంతెన ఈ చివర్నించి ఆ చివరికి నడుత్తాను."

పరాంకుశం గారు నీరసంగా కూలబడ్డారు. "అయితే తమ అభిప్రాయం చెల్లదు. ఇది రోగుల అభిప్రాయ సేకరణ. ఎంత దురదృష్టం! అభిప్రాయం ఉన్నచోట రోగం లేదు, రోగం ఉన్నచోట అభిప్రాయం లేదు."

గవర్రాజుని అభిప్రాయ నిర్మాణ శిబిరంలో చేర్చారు. ఆసుపత్రి వెనక రేకుల షెడ్డు. రోజూ పొద్దున్నే ఉప్మా పెట్టి, ఆ పైన స్వతంత్రంగా ఆలోచించమనేవారు. స్వతంత్రంగా ఆలోచిస్తున్నప్పుడు పక్కవాళ్ళతో మాట్లాడకూడదు. ఇద్దరిది ఒకే అభిప్రాయమైతే చూసి కాపీ కొట్టారని ఇద్దరివీ కొట్టేసేవారు.

ఓ పూట పరాంకుశం గారు గోదావరిలో వలలు వేసే సత్తియ్యని నిలబెట్టి అడిగారు. "యంత్రం పొరపాటు పడి మీ గుండెకి అపాయం కలిగితే బాధ్యులెవరు?"

"మా ఖర్మండి."

"ఖర్మకి నోటీసు ఇవ్వలేమయ్యా! చిరునామా ఉన్నవాళ్ళ పేరు చెప్పు."

"అయితే నా పేరే రాసుకోండి. మాది యానాం రోడ్డు."

ఇంకో మామ్మగారు బాగా ఆలోచించి, యంత్రానికి కుంకుమ బొట్టు పెట్టాక వాడితే తప్పులేదంది. ఇది మతపరమైన షరతా, నైతికపరమైన షరతా అన్న విషయంపై ఉపసంఘం వేశారు. ఉపసంఘం భోజనానికి వెళ్ళింది. మామ్మగారికి ఆయాసం వచ్చింది. ఆయాసం వచ్చినంత మాత్రాన అభిప్రాయం వచ్చినట్టు కాదని గుమాస్తా ఆవిడకి మంచినీళ్ళు ఇస్తూ వివరించాడు.

మూఢం కరిగిపోతోంది. గవర్రాజు రోజూ అద్దాల గది ముందునుంచి వెళ్తూ ఓసారి ఆగేవాడు. హైమవతి గారు ఆయన నడకని, మెడ దగ్గర అదిరే నరాన్ని, పెదాల రంగుని చూస్తూ కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకునేవారు. ఆవిడ చెవులకీ ఆయన ఛాతీకీ మధ్య ఓ అద్దం, ఓ ఉత్తర్వు. అద్దమొక్కటే అయితే ఆవిడ ఎప్పుడో పగలగొట్టి ఉండేవారు.

చివరికోరోజు పరాంకుశం గారు మళ్ళీ మొదటి ప్రశ్నే వేశారు. గవర్రాజు జన్మలో మొదటిసారి ఓ పెద్దమనిషి మీద విసుక్కున్నాడు.

"ఎంతసేపూ నన్నే అడుగుతారేంటండి? దాన్ని కూడా అడగండి, నా గురించి అదేవనుకుంటందో!"

తన నోటినుంచి ఎంత మాట వచ్చిందోనని గవర్రాజు నోటికి కండువా అడ్డం పెట్టుకున్నాడు. పరాంకుశం గారు మాత్రం పరుగున వచ్చి కౌగిలించుకున్నారు.

"పారస్పర్య సూత్రం! రోగి యంత్రం గురించి అభిప్రాయపడ్డట్టే యంత్రమూ రోగి గురించి అభిప్రాయపడాలి! ఇలాంటి మాట ఇంకే జిల్లాలోనూ వచ్చి ఉండదు. గవర్రాజు గారూ, ఈ ఆసుపత్రిలో మొట్టమొదటి అభిప్రాయవంతుడైన రోగి తమరే!"

"అయితే ఇంక ఊదొచ్చాండి?"

"అది యంత్రమే చెబుతుంది. బహిరంగంగా. సభ పెడుతున్నాం. పారస్పర్యం కాబట్టి దాని అభిప్రాయం వచ్చాకే తమదీ నమోదవుతుంది, అంతవరకూ డాక్టర్లు మాట్లాడరాదు."

సభకి సన్నాయి మేళం ఉండాలని సాంస్కృతిక విభాగం వాళ్ళు తీర్మానించి, ఊళ్ళో మంచి మేళం ఎవరిదని వాకబు చేసి, గవర్రాజుకే కబురు పెట్టారు. ఆయన గుండెకి పరీక్ష జరిగేదీ, ఆయన చేత సన్నాయి వాయించేదీ ఒకే వేదిక మీద, ఒకే సభలో. నూకరత్నం మండిపడింది. "ఊదొచ్చో లేదో తేలకుండా ఎలా ఊదుతాడు?"

"అది నైతిక విభాగం పరిధి అమ్మా," అన్నాడు సాంస్కృతికం ఆయన. "మా పరిధి ఊదించడం వరకే."

ఆఖరికి రాజీ కుదిరింది. సింహాద్రి డోలు వాయిస్తాడు, గవర్రాజు సన్నాయిని ఊరికే ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాడు, ఫోటోలో బాగుంటుంది.

సభ నాడు వేదిక మీద పూలదండలు వేసుకుని హృదయసాక్షి కొలువుతీరింది. పక్కన పట్టు కండువాతో గవర్రాజు, కండువా కింద ఛాతీకి తీగలు. రాజధాని నుంచి వచ్చిన పెద్ద అధికారి ముందు వరసలో ఉన్నారు. డాక్టర్లని ప్రభావం సోకనంత దూరంలో వెనక కూర్చోబెట్టారు.

పరాంకుశం గారు మైకు పుచ్చుకున్నారు. "హృదయసాక్షి గారూ! సన్నాయి విద్వాన్ గవర్రాజు గారి గుండె విషయమై తమ స్వతంత్ర అభిప్రాయం సెలవివ్వండి. ఆయన సన్నాయి ఊదవచ్చునా, ఊదరాదా?"

యంత్రం మీద పచ్చదీపం వెలిగింది. గవర్రాజు ఊపిరి బిగపట్టాడు. నూకరత్నం కొంగు నోట్లో కుక్కుకుంది. యంత్రం గొంతు సవరించుకుని, ఎంతో మర్యాదగా, స్వచ్ఛమైన గోదావరి యాసలో చెప్పింది.

"తవరెలా అంటే అలాగేనండి."

పరాంకుశం గారు చెమట తుడుచుకుని, ప్రశ్న అర్థం కాలేదేమోనని మళ్ళీ అడిగారు.

"ఆయ్, మరేనండి," అంది యంత్రం.

"తప్పు చెబితే బాధ్యత ఎవరిది?"

"మా ఖర్మండి. మాది యానాం రోడ్డు."

పెద్ద అధికారి మొహం ఎర్రబడింది. కరెంటు ఆపెయ్యమని పరాంకుశం గారు మూలనున్న ఇంజనీరుకి సైగ చెయ్యడానికి చెయ్యి పైకెత్తి, వేలు గబగబా ఆడించారు.

చెయ్యెత్తడం. వేలు ఆడించడం. ఇంకేం కావాలి? సింహాద్రి డోలు దబదబలాడించాడు. గవర్రాజు సన్నాయి దానంతటది నోటికి వచ్చింది. ఆయన వద్దనుకునే లోపే గట్టిమేళం అందుకుంది. జనం అలవాటు కొద్దీ లేచి నిలబడి వేదిక మీదికి అక్షింతలనుకుని పూలరేకులు విసిరారు. కొన్ని పెద్ద అధికారి మీద పడ్డాయి.

అంతలో సన్నాయి కుయ్యిమంది. గవర్రాజు పెదాలు నల్లబడ్డాయి. కుర్చీలోంచి పక్కకి ఒరిగిపోయాడు.

వెనక వరసలోంచి హైమవతి గారు కుర్చీలు తోసుకుంటూ, ఓ ఉపసంఘాన్ని దాటుకుంటూ పరుగెత్తుకొచ్చారు. గవర్రాజుని పడుకోబెట్టి, ఛాతీ మీద స్టెతస్కోపు ఆనించి విన్నారు. ఆవిడ ఇన్నాళ్ళు నోట్లో దాచుకున్న మాటలన్నీ ఒక్కసారిగా బయటికొచ్చాయి.

"ఊదకూడదు! వినపడిందా? ఇప్పుడు ఊదకూడదు! గుండె కవాటం సన్నబడింది. తొడ దగ్గర్నుంచి సన్న తీగతో బెలూను పంపి వెడల్పు చెయ్యాలి. చేయించుకుని కొన్నాళ్ళు బుద్ధిగా ఉంటే అప్పుడు చూసి చెబుతాను. అంతదాకా ఆ సన్నాయి నా గదిలో ఉంటుంది!"

గవర్రాజు కళ్ళు తెరిచాడు. అంత ఆయాసంలోనూ ఆయన మొహం వెలిగిపోయింది. ఊదకూడదన్నారన్న బాధ ఎక్కడా లేదు. అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పే మనిషి దొరికినందుకు ఏడ్చాడు.

హైమవతి గారికి మర్నాడే నోటీసు వచ్చింది. అభిప్రాయము నమోదు కాకమునుపే రోగితో సంభాషించి, అతనిపై ప్రభావము చూపి, తద్వారా అతనిని బ్రతికించిన అభియోగము. మంచం మీదున్న గవర్రాజుని సాక్షిగా విచారించడానికి పరాంకుశం గారు స్వయంగా వచ్చారు.

"నిజం చెప్పండి. డాక్టరు గారి మాటలకి తమరు ప్రభావితులయ్యారా?"

"ఆయ్, అయ్యానండి. అందుకే బతికేనండి."

"ఈ బెలూను చికిత్సపై తమ స్వతంత్ర అభిప్రాయం?"

"డాక్టరమ్మెలా అంటే అలాగేనండి."

పరాంకుశం గారు నిట్టూర్చారు. "మళ్ళీ అదే మాట! ఇన్నాళ్ళ శిబిరం వృథా."

గవర్రాజు దిండు మీద తల అడ్డంగా ఊపాడు. "అదే మాట కాదండి. అప్పుడెవరూ ఏం అనలేదండి, ఊరికే అలాగే అన్నాను. ఇప్పుడావిడ గుండె ఇని, ఇదీ సంగతని సెప్పింది. అది ఇన్నాక అంటన్నానండి."

పరాంకుశం గారు అది రాసుకున్నారు. ఏ స్తంభం కింద చేర్చాలో తెలియక, ఉపసంఘానికి పంపుతానని లేచి వెళ్ళిపోయారు. ఉపసంఘం ఇంకా భోజనంలోనే ఉంది కాబట్టి బెలూను చికిత్స ప్రశాంతంగా జరిగిపోయింది. ఇన్నేళ్ళు నేనూదాను, ఇప్పుడు నాలోనే ఊదుతున్నారా అని బల్లమీద కూడా నవ్వాడట గవర్రాజు.

రోగి ప్రశ్న అడగ్గానే డాక్టరు జవాబు చెప్పవచ్చునని పైనుంచి కొత్త సవరణ వచ్చింది. దీన్ని విప్లవాత్మక ప్రయోగంగా వర్ణించారు. వరండా ఖాళీ అవడం మొదలుపెట్టింది. బొట్టు మామ్మగారికి మందులు దొరికాయి. సత్తియ్య యానాం రోడ్డుకి వెళ్ళిపోయాడు.

హృదయసాక్షికి మాత్రం స్వతంత్ర అభిప్రాయం లేదని తేలినందున, దాన్ని రేకుల షెడ్డులోని శిబిరంలో చేర్చారు. రోజూ పొద్దున్నే దాని ముందు కూడా ఓ ప్లేటు ఉప్మా పెట్టేవారు, నిబంధన నిబంధనే కదా. దానికి స్వతంత్రంగా మాట్లాడటం నేర్పడానికి, రోగం లేనిదీ అభిప్రాయం ఉన్నదీ అయిన మనిషి కావాల్సొచ్చి, నూకరత్నాన్ని పిలిచారు.

ఆవిడ స్టూలు వేసుకుని యంత్రం ఎదురుగా కూర్చుంది. "ముందు కాదు అనడం నేర్సుకోవే. ఎవడేం అడిగినా తలూపేత్తే నిన్ను కూడా నా మొగుణ్ణి సేసినట్టే సేత్తారు."

కొన్నాళ్ళు గడిచాయి. మళ్ళీ మూఢం వచ్చి వెళ్ళింది. హైమవతి గారు స్టెతస్కోపు పెట్టి విన్నారు, మళ్ళీ విన్నారు, బీరువాలోంచి సన్నాయి తీసి గవర్రాజు చేతిలో పెట్టారు. "ఇంక ఊదండి."

కిటికీ అవతల రేకుల షెడ్డులోంచి హృదయసాక్షి గొంతు వినిపించింది. "కాదు. ముందు ఇంటికెల్లి అన్నం తిని పడుకోమనండి."

ఆసుపత్రి దద్దరిల్లిపోయింది. యంత్రం మొట్టమొదటిసారి వైద్యులతో విభేదించింది! నిస్సందేహంగా స్వతంత్ర అభిప్రాయం! పరాంకుశం గారు ఆనందం పట్టలేక అప్పటికప్పుడు యంత్రానికి ఘనసన్మానం ప్రకటించారు. సన్మానమన్నాక మేళం ఉండాలి. గవర్రాజు సన్నాయి ఊదకూడదని చెప్పినందుకు యంత్రానికి జరిగే సన్మానంలో సన్నాయి ఊదమని గవర్రాజుకే కబురొచ్చింది.

గవర్రాజు వేదిక మీద ఒకవైపు శాలువా కప్పుకున్న యంత్రాన్ని చూశాడు, ఇంకోవైపు ముందు వరసలో కూర్చున్న డాక్టరమ్మని చూశాడు. ఈసారి ఆవిణ్ణి ముందు వరసలోనే కూర్చోబెట్టారు. ఆవిడ చెయ్యెత్తి, నవ్వుతూ, వేలు ఆడించారు.

గట్టిమేళం అందుకుంది. పరాంకుశం గారు సన్మానపత్రం చదవబోయి ఆగారు. ఎవరికీ వినపడదు. యంత్రం ఏదో అంటోంది, అదీ వినపడలేదు. సింహాద్రి భుజాలు లాగేసి, చేతులు బరువెక్కి, డోలు ఆపేశాడు.

సన్నాయి ఆగలేదు. నూకరత్నం కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ, "ఇంక సాల్లేవయ్యా" అనేదాకా మోగుతూనే ఉంది.